విల్లా దెస్తే ఎవరిది? పట్టా ఒకరిది, అనుభవం ఇంకొకరిది

ప్రశ్న అడిగినావిడ రాసింది క్లుప్తంగా ఇదీ. పోయిన నెల రోమ్ వెళ్ళినప్పుడు ఒక పూట టివోలీలోని విల్లా దెస్తే చూశారు. గైడు కింద హాల్లో "కార్డినల్ కట్టించుకున్నాడు" అంది, తోటలో "ఆస్ట్రియా యువరాజుది" అంది, మేడ మెట్ల దగ్గర "సంగీతకారుడు లిస్ట్ ఇక్కడే ఉండేవాడు" అంది. టికెట్ ఏమో ప్రభుత్వానిది. ఇంతకీ ఇల్లు ఎవరిది? అంత గొప్ప ఇంట్లో కూర్చోడానికి ఒక్క కుర్చీ కూడా లేదేం?

గైడు తప్పు చెప్పలేదండీ. అన్నీ నిజమే, వరస మాత్రం చెప్పలేదు. నేను పాత కట్టడాల మరమ్మతు పని చేసే ఆర్కిటెక్టుని, చదువుకోడానికి రోమ్ వచ్చి పదిహేడేళ్ళుగా ఇక్కడే ఉండిపోయాను. టివోలీ రోమ్‌కి తూర్పున ముప్పై కిలోమీటర్లు. ఇంటికి ఎవరు చుట్టాలు వచ్చినా అక్కడికి తీసికెళ్ళడం నా డ్యూటీ. కాబట్టి ఈ సమాధానం కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక చిక్కు తీసేస్తాను. ఈ ప్రశ్న కింద ఒకరు "అది ఫైవ్ స్టార్ హోటల్ కదా" అని రాశారు. అది వేరు. ఉత్తరాన కోమో సరస్సు ఒడ్డున ఇదే పేరుతో ఇంకో విల్లా ఉంది, 1873 నుంచి హోటల్. దాన్ని 1815లో ఇంగ్లండు యువరాణి కరోలైన్ కొని ఈ పేరు పెట్టుకుంది. టివోలీ విల్లాకీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు. ఇంకొకటి: మనకి విల్లా అంటే ఇప్పుడు తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీ గుర్తొస్తుంది. ఇక్కడ విల్లా అంటే ఇల్లొక్కటే కాదు. ఇల్లు, తోట, నీళ్ళు, వాటి కాలవలు అన్నీ కలిపి. టివోలీలో అయితే ఇల్లు తోకే, అసలు ఒళ్ళంతా తోట.

మా నాన్న కరణం. 1984లో ఎన్టీఆర్ ఆ పదవులు తీసేసేదాకా అడంగల్ రాసి రాసి ఆయన వేళ్ళు సిరా రంగులోనే ఉండేవి. ఆ అడంగల్లో పట్టాదారు పేరుకి ఒక కాలమ్, అనుభవదారు పేరుకి ఒక కాలమ్ వేరువేరుగా ఉండేవి, ఆ రోజుల్లో తెలంగాణ పహాణీలోనూ అంతే. విల్లా దెస్తే కథని ఆ రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టుకుని చదివితే గానీ అర్థం కాదు. పట్టా ఎవరి పేరున ఉందన్నది ఒకటి, తూము ఎత్తి నీళ్ళు వదులుతున్నది ఎవరన్నది ఇంకొకటి. నాకు తెలిసినంతలో ఈ విల్లా బాగున్న రోజులన్నీ ఎవరో ఒకరు అక్కడ కాపురం ఉన్న రోజులే.

మొదటి మనిషి ఇప్పొలితో దెస్తే. తండ్రి ఫెరారా డ్యూక్, తల్లి లుక్రేజియా బోర్జియా. అంటే తల్లివైపు తాత ఆరో అలెగ్జాండర్ పోప్. పదేళ్ళు నిండేసరికే ఈ పిల్లాణ్ణి మిలాన్‌కి ఆర్చిబిషప్‌ని చేశారు. ముప్పై ఏళ్ళకి కార్డినల్, అంటే పోప్‌ని ఎన్నుకునే చర్చి పెద్దల్లో ఒకడు. ఫ్రాన్స్ రాజు కొలువులో పలుకుబడి, చేతికి ఎముక లేని ఖర్చు. జీవితాంతం ఒకటే కోరిక, పోప్ కావాలని. పోప్ ఎన్నికలైతే చాలాసార్లు జరిగాయి, పదవి మాత్రం ఇతనికి ఎప్పుడూ అందలేదు. 1550లో మూడో జూలియస్ పోప్ అయ్యాడు, ఆ ఎన్నికలో ఇప్పొలితో సాయం చేశాడు. అందుకు బదులుగా దొరికింది టివోలీ గవర్నర్ పదవి, అదీ జీవితాంతం. ఆ ఏడాది సెప్టెంబరులో ఊరేగింపుగా దిగాడు. తీరా చూస్తే గవర్నర్ బంగళా అన్నది కొండ అంచున ఉన్న పాత మఠంలో ఒక వైపు గదులు. ఒకప్పుడు బెనెడిక్టైన్ సన్యాసులది, తర్వాత ఫ్రాన్సిస్కన్లది.

కాబట్టి మీరు చూసిన రాజభవనం పుట్టుకతో రాజభవనం కాదు, మఠం. లోపలి వాకిలి చుట్టూ వరండాలు చూశారు కదా, అది సన్యాసుల వాకిలి కొలతే. దాని మీదే పిర్రో లిగోరియో అనే పండితుడు, వాస్తుశిల్పి, భవనాన్ని అల్లాడు. కింద లోయలో ఇళ్ళూ తోటలూ ఉండేవి. కొని కొన్ని, కూలగొట్టి కొన్ని, మొత్తం పల్లం ఖాళీ చేయించాడు కార్డినల్. ఇళ్ళు పోయినవాళ్ళు కోర్టుకెక్కారు. పని ఆగలేదు. ఆగింది ఒక్కసారే: 1555లో వచ్చిన నాలుగో పాల్ పోప్‌కి ఇతనంటే పడక, పదవులు కొనుక్కోజూస్తున్నాడని నేరం మోపి పక్కకి నెట్టేశాడు. ఆ పోప్ 1559లో పోయాకే మళ్ళీ పలుగూ పారా కదిలాయి.

ఇక నీళ్ళ సంగతి. నేను ఇక్కడ ఆగకుండా ముందుకి వెళ్ళలేను.

టివోలీ పక్కనే అనియేనే నది కొండ మీంచి దూకుతుంది. ఊరి కిందుగా సొరంగం తవ్వించి ఆ నది నీళ్ళని తోట నెత్తికి తెచ్చారు, రివెల్లేసే అనే ఊట నీళ్ళకి వేరే కాలవ. ఈనాటి లెక్కలో 51 ఫౌంటెన్లు, 398 నీటి గొట్టాలు, 364 చిమ్మే ధారలు, 64 జలపాతాలు, 220 తొట్లు, 875 మీటర్ల కాలవలు. ఒక్క పంపు లేదు. కరెంటు పోతే ఆగేది ఏదీ లేదు. అంతా వాలు మీద నడుస్తుంది, మా గోదావరి జిల్లా రైతు చేలో మళ్ళు కట్టి పైనుంచి కిందికి నీళ్ళు దించినట్టే. పైమడి నిండితే కిందమడికి, అది నిండితే ఇంకా కిందికి. అందుకే పైన ఒక్క గొట్టం పూడితే కింద పదిచోట్ల ఎండుతుంది.

ఆర్గన్ ఫౌంటెన్ మీరు చూసే ఉంటారు, గంటల లెక్కన వాయించేది. పైనుంచి బావిలాంటి గొట్టంలోకి నీళ్ళు పడేటప్పుడు గాలిని కూడా లాక్కుని వస్తాయి. అడుగున మూసిన గదిలో నీరూ గాలీ విడిపోతాయి. గాలి పైకి పోయి పిల్లంగోవి లాంటి గొట్టాల్లో దూరుతుంది. నీరు బయటికి పోతూ చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం పళ్ళున్న పీపాని తిప్పుతుంది, ఏ గొట్టం ఎప్పుడు తెరుచుకోవాలో ఆ పళ్ళు చెబుతాయి. దీన్ని చేసింది ఫ్రెంచి నిపుణులు లూక్ లెక్లెర్, క్లోద్ వెనార్. 1572లో పదమూడో గ్రెగరీ పోప్ వచ్చి విన్నప్పుడు లోపల ఎవరో మనిషి దాక్కుని వాయిస్తున్నాడని అనుమానపడి చూడబోయాడని చెప్పుకుంటారు. ఆ డిసెంబరులోనే ఇప్పొలితో పోయాడు. పోప్ పదవి రాలేదు గానీ పోప్ అతిథిగా అయితే వచ్చాడు.

తోట నిండా విగ్రహాలు ఎక్కడివనుకున్నారు? నాలుగైదు కిలోమీటర్ల దూరంలో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ విల్లా శిథిలాలు ఉన్నాయి. లిగోరియో అక్కడ తవ్వించి తెచ్చాడు. పండితుడు కాబట్టి తవ్విన చోటల్లా రాసి పెట్టుకున్నాడు కూడా. ఒక ఇల్లు లేవడానికి ఇంకో ఇల్లు బోసిపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు పట్టా. ఇప్పొలితో తర్వాత ఇల్లు అన్న కొడుకు లుయీజీకి వచ్చింది, అతనూ కార్డినలే. ఆస్తితో పాటు అప్పులూ వచ్చాయి. మిగిలిన పనులు కొన్ని చేయించాడు, మిగతావి చేతకాలేదు, 1586లో పోయాడు. దెస్తే వంశంలో అప్పటికి వేరే కార్డినల్ లేడు. అలాంటప్పుడు ఇల్లు కార్డినల్స్ మండలి పెద్దకి చెందేలా ఏర్పాటు ఉంది. వినడానికి గౌరవంగా ఉంది, ఆచరణలో చెత్త ఏర్పాటు. మండలి పెద్ద అంటేనే ముసలాయన. ఆయన పోతే ఇంకో ముసలాయన. తన తర్వాత తనవాళ్ళకి దక్కని ఇంటికి గొట్టాలు ఎవరు మార్పిస్తారు? మన సత్రాల సంగతీ అంతే కదా. పన్నెండు, పదమూడేళ్ళు అలా గడిచాయి.

1599లో అలెస్సాంద్రో దెస్తే కార్డినల్ అయ్యాక ఇల్లు మళ్ళీ వంశానికి తిరిగొచ్చింది. ఈయన మీద నాకు గౌరవం. గొట్టాలు బాగు చేయించాడు, కింది తోట తీరు మార్చాడు. ఒంటి నిండా రొమ్ములున్న ప్రకృతిదేవత విగ్రహం తోట అడుగున ఉంటుంది చూశారా, పిల్లలందరూ ఫోటోలు దిగేది? అది మొదట ఆర్గన్ దగ్గర ఉండేది, 1611లో కిందికి మారింది. అంతకన్నా పెద్ద పని 1621లో చేశాడు. పదవితో ముడిపడ్డ హక్కుని తెంపించి, ఇల్లు దెస్తే వంశానిదేనని పదిహేనో గ్రెగరీ పోప్ చేత రాయించుకున్నాడు. అప్పటిదాకా ఇనాం లాంటిది, అప్పటినుంచి సొంత పట్టా.

సొంతం అయ్యాక బాగుపడాలి గదా? చెడింది. కారణం దూరం. 1598లోనే దెస్తే డ్యూకులు ఫెరారాని పోప్‌కి వదులుకుని మోడెనాకి మారారు. మోడెనా ఎక్కడ, టివోలీ ఎక్కడ! రోమ్‌లో ఆ ఇంటి కార్డినల్ ఉన్నంతకాలం కాస్త నడిచింది. 1660 ప్రాంతంలో రినాల్దో దెస్తే కోసం శిల్పి బెర్నీని గిన్నె ఆకారంలో ఫౌంటెన్ చేశాడు. ఆ తర్వాత ఏడాదికోసారి కూడా రాని ఇంటికి తోటమాలుల జీతాలు, గొట్టాల ఖర్చు ఎందుకనిపించింది. పద్దెనిమిదో శతాబ్దంలో అమ్మకాలు మొదలు. 1750లలో విగ్రహాలు వరసగా పోయాయి. కొన్నిటిని పద్నాలుగో బెనెడిక్ట్ పోప్ కొని రోమ్‌లో కాపిటోలిన్ మ్యూజియంలో పెట్టించాడు. వాటిని ఇవాళ్టికీ చూడొచ్చు. సామాను కొంత మోడెనాకి పోయింది, కొంత చెల్లాచెదురైంది. మీ కుర్చీ ప్రశ్నకి జవాబు ఇదేనండీ. కుర్చీలు దొంగలు ఎత్తుకుపోలేదు, ఇంటివాళ్ళే అమ్ముకున్నారు, పట్టుకుపోయారు. గోడల మీద సున్నంలో ఇంకిపోయిన బొమ్మల్ని పీకలేరు కాబట్టి ముజియానో, జుక్కారీ వేసిన చిత్రాలు మిగిలాయి.

చిత్రమేమిటంటే పాడుబడ్డాకే దానికి పేరొచ్చింది. 1760 వేసవిలో ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగొనార్ ఇక్కడ ఉండి ఎర్ర సుద్దతో గీసిన బొమ్మల్లో సైప్రస్ చెట్లు ఆకాశం అంటుతుంటాయి, మనుషులు చీమల్లా ఉంటారు. కత్తిరించేవాడు లేక చెట్లు అలా ఎదిగాయి. మనం ఈరోజు "అబ్బ, ఎంత బాగుందో" అనుకునే ఆ అడవి కళ ఇప్పొలితో చూస్తే గుండె బాదుకునేవాడు. అతను నాటించింది లెక్కలో ఒదిగే తోట.

ఆస్ట్రియా భాగం గబగబా చెప్పేస్తాను. మోడెనా డ్యూక్ మూడో ఎర్కోలేకి వారసురాలు ఒక్కతే కూతురు, మారియా బెయాత్రీచే. 1771లో ఆవిణ్ణి ఆస్ట్రియా రాజకుమారుడు ఫెర్డినాండుకి ఇచ్చారు. ఆవిడతో పాటు టివోలీ ఇల్లూ ఆస్ట్రియా రాజవంశం, హాబ్స్‌బర్గ్ వాళ్ళకి పోయింది. మనుగుడుపు సారెలా అనుకోండి. ఎవరూ వచ్చి ఉన్నది లేదు.

అప్పుడొచ్చాడు నా కథానాయకుడు, గుస్తావ్ అడోల్ఫ్ హోహెన్‌లోహే. జర్మన్ రాజవంశంవాడు, పోప్ కొలువులో కార్డినల్. 1850లలో అప్పటి మోడెనా డ్యూక్ (ఆయనా హాబ్స్‌బర్గ్ వంశంవాడే) దగ్గర ఈ ఇంటిని దీర్ఘకాలపు కౌలుకి తీసుకున్నాడు. ఇటలీ చట్టంలో దానికి ప్రత్యేకమైన పేరుంది. పద్ధతి మాత్రం మనకి తెలిసిందే: భూమి నీదే, శిస్తు నీకు కడతాను, బాగు చేసుకుని అనుభవించేది నేను. కొన్నిచోట్ల ఈయన్ని యజమాని అనే రాసేస్తారు. కాదు. అడంగల్ ప్రకారం అనుభవదారు. కానీ వందేళ్ళుగా పట్టాదారులు చెయ్యని పని ఈయన చేశాడు: ఇంటికి మరమ్మతులు చేయించాడు, ఫౌంటెన్లలో ఆడినన్నిటిని ఆడించాడు, అక్కడ కాపురం ఉండి విందులిచ్చాడు. 1896లో పోయాడు.

లిస్ట్ ఆయన అతిథి. 1865లో లిస్ట్ సన్యాస దీక్షలో మొదటి మెట్టు ఎక్కినప్పుడు ఆయన జుట్టు కత్తిరించినవాడే ఈ హోహెన్‌లోహే. తర్వాత ఏళ్ళ తరబడి, 1885 దాకా, మేడ పైన గదుల్లో వచ్చి పోతూ ఉండేవాడు లిస్ట్. 1877లో ఇక్కడి నీటి ఆటల మీద ఒకటి, సైప్రస్ చెట్ల మీద రెండు పియానో రచనలు చేశాడు. నీటిది ఒక్కసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదట్లోనే సన్నని స్వరాలు చినుకుల్లా పైకెక్కి జారతాయి. వంద ఫౌంటెన్ల బాటలో నడుస్తుంటే చెవికి తగిలేది అదే చప్పుడు. రెండు సైప్రస్ రచనలు మాత్రం చావింటి పాటల్లా ఉంటాయి. ఒకే తోట, ఒకే మనిషి, ఏ వైపు కిటికీ తీశాడన్నదే తేడా.

అదే సమయంలో పట్టా కాలమ్‌లో ఏం జరుగుతోందో చూడండి. మోడెనా చివరి డ్యూక్ ఐదో ఫ్రాంచెస్కో 1859లోనే రాజ్యం పోగొట్టుకున్నాడు, 1875లో పిల్లలు లేకుండా పోయాడు. ఆస్తిని హాబ్స్‌బర్గ్ వంశంలోనే ఒక కుర్రాడికి రాశాడు, దెస్తే పేరు తన పేరులో కలుపుకోవాలని షరతు పెట్టి. పదకొండేళ్ళ ఆ కుర్రాడి పేరు ఫ్రాంజ్ ఫెర్డినాండ్. అవును, 1914 జూన్‌లో సరయేవోలో కాల్చి చంపారే, దేని తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిందో, ఆయనే. మీ గైడు చెప్పిన ఆస్ట్రియా యువరాజు. లిస్ట్ కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు ఆ కిటికీకి పట్టాదారు ఆయనే, దూరంగా ఆస్ట్రియాలో.

1915లో ఇటలీ ఆస్ట్రియా మీద యుద్ధానికి దిగింది. యుద్ధం ముగిశాక విల్లా ఇటలీ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1920లలో భారీగా మరమ్మతులు చేసి జనానికి తెరిచారు. మా వృత్తిలో వాదన మొదలయ్యేది ఇక్కడే. మీరు పంపిన ఫోటోల్లో సగం నెప్ట్యూన్ ఫౌంటెన్‌వే కదా, ఆ ఎగజిమ్మే నీళ్ళ గోడ? అది కార్డినల్ కట్టించింది కాదు. అక్కడ బెర్నీని చేసిన జలపాతం పాడుబడి ఉండేది. 1927లో ప్రభుత్వం తరఫున అత్తీలియో రొస్సీ దాని చోట దీన్ని కట్టాడు. అంటే ఈ పదహారో శతాబ్దపు తోటలో ఎక్కువమంది ఫోటో తీసేది ఇరవయ్యో శతాబ్దపు కట్టడాన్ని. మా ప్రొఫెసర్లలో ఒకాయనకి ఆ మాటెత్తితే ఒళ్ళు మండేది. నాకు మాత్రం కోపం లేదు. ఏదో ఒకటి కట్టక, రాళ్ళ కుప్పగా వదిలేస్తే పైనున్న ఆర్గన్ గోడే కిందికి జారేది. 1944లో బాంబులు పడి మళ్ళీ దెబ్బతింది, మళ్ళీ కట్టారు. 2001లో యునెస్కో జాబితాకెక్కింది. వందల ఏళ్ళుగా మూగబోయిన ఆర్గన్‌ని 2003లో మళ్ళీ పలికించారు.

నీళ్ళు ఆపితే గొట్టాల్లో బురద గట్టిపడుతుంది. ఆపకపోతే ఇక్కడి నీళ్ళలోని సున్నం రాతి మీద పేరుకుంటుంది, మన ఇళ్ళలో గీజర్ కాయిల్ మీద పట్టినట్టు. వంద ఫౌంటెన్ల గోడ మీద పురాణకథల బొమ్మలు చెక్కి ఉండేవి. ఇప్పుడు దగ్గరికెళ్ళి చూసినా సున్నపు పెచ్చు, దాని మీద నాచు, ఎక్కడో ఒక మోకాలు, ఒక భుజం. గీకేస్తే బొమ్మ వస్తుందా? పెచ్చుతో పాటు బొమ్మ ముక్కే ఊడొస్తుంది. కాబట్టి వదిలేస్తారు. పై వరసలో పడవలు, గద్దలు, లిల్లీ పూలు మాత్రం ఇంకా గుర్తుపట్టొచ్చు. గద్ద, లిల్లీ దెస్తే వంశపు గుర్తులు. పట్టా ఎన్ని చేతులు మారినా ఎవరూ ఆ గద్దల్ని తీయించలేదు.

ఇందాక గుర్తుంచుకోమన్నాను. 2016లో ప్రభుత్వం విల్లా దెస్తేనీ హేడ్రియన్ విల్లానీ కలిపి ఒకే సంస్థ కిందికి తెచ్చింది. విగ్రహాలు తవ్వుకుపోయిన ఇల్లు, వాటిని తెచ్చి పెట్టుకున్న ఇల్లు ఇప్పుడు ఒకే ఖాతాలో ఉన్నాయి. విగ్రహాలు మాత్రం ఎక్కువ భాగం రెండు చోట్లా లేవు.

మళ్ళీ వెళ్తే ఒక పని చెయ్యండి. ఇప్పుడు టికెట్ కొని పైనుంచి, ఇంట్లోంచి తోటలోకి దిగుతున్నాం. కార్డినల్ అతిథులు వచ్చింది కింది గేటు నుంచి. ఎక్కుతూ ఎక్కుతూ, ఒక్కో మలుపులో ఒక్కో నీళ్ళ చప్పుడు వింటూ, చెమటలు పట్టి పైకి చేరేసరికి అక్కడ కార్డినల్ నిలబడి ఉండేవాడు. మనం వెనక వాకిలి నుంచి వచ్చినవాళ్ళం అన్నమాట. అందుకని ఎక్కడా ఆగకుండా, ఫోటోలు తీయకుండా ముందు తిన్నగా అడుగుకి దిగిపోండి. పాత గేటుకి వీపు ఆనించి పైకి చూడండి. ఆ తర్వాత మొదలుపెట్టండి చూడ్డం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం ఈ సలహా వద్దు, మా అత్తగారు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.